మీ ప్రశ్నలు, టీచరమ్మ జవాబులు: ఈసారి అన్నీ అయస్కాంతాలే

ఆరో తరగతిలో ఆ పాఠం నడుస్తున్నట్టుంది, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో వాట్సాప్ మెసేజుల్లో సగానికి పైగా అయస్కాంతాల గురించే ఉన్నాయి. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి పెట్టేసి ఇవన్నీ ఒకచోట చేర్చాను. పిల్లలూ, చదివి వదిలేయకండి, చేతిలో ఒక అయస్కాంతం పెట్టుకుని చదవండి. పాడైపోయిన రేడియో, పాత స్పీకరు, ఏదో ఒకటి అటక మీద ఉండే ఉంటుంది, పెద్దవాళ్ళని అడిగి విప్పించుకోండి.

టీచర్ గారూ, మా నాన్న పాత స్పీకర్ విప్పి అయస్కాంతం ఇచ్చారు. ఇల్లంతా తిరిగి చూశాను. స్టీలు గ్లాసుకి అంటుకోలేదు, స్టీలు గరిటెకి మాత్రం గట్టిగా పట్టుకుంది. రెండూ స్టీలే కదా? మా అమ్మ ఏమో గరిటె నకిలీది అంటోంది.
– ఆరో తరగతి అమ్మాయి, తణుకు

నకిలీది కాదమ్మా, అమ్మకి చెప్పు. రెండూ అసలైన స్టీలే, కాకపోతే రెండు రకాలు. స్టీలంటే ముప్పాతిక వంతు ఇనుమే, తుప్పు పట్టకుండా అందులో క్రోమియం కలుపుతారు. ఒక్క క్రోమియం కలిపిన రకానికి అయస్కాంతం చక్కగా అంటుకుంటుంది. నికెల్ కూడా కలిపితే లోపల ఇనుము అణువులు సర్దుకునే తీరే మారిపోతుంది, అప్పుడు అయస్కాంతం పట్టించుకోదు. కొన్ని గిన్నెల అడుగున 18/8 అని గుద్ది ఉంటుంది చూడు, అంటే నూటికి 18 పాళ్ళు క్రోమియం, 8 పాళ్ళు నికెల్ అని, నీ గ్లాసు ఆ జాతిదే అయ్యుంటుంది. ఇంకో పని చెయ్యి, ఆ గ్లాసుకే అంచు మడత పెట్టిన చోట, అడుగున వంపు తిరిగిన చోట అయస్కాంతాన్ని నెమ్మదిగా జరుపు, కొన్ని గ్లాసుల్లో అక్కడ మాత్రం కొంచెం లాగినట్టు తెలుస్తుంది. రేకుని ప్రెస్సులో పెట్టి బలంగా వంచినప్పుడు ఆ వంపులో అణువుల సర్దుబాటు మళ్ళీ మారుతుంది, అందుకని.

పాత్రల షాపుల్లో అయస్కాంతం పెట్టి చూపించి "అంటుకోలేదు చూడండమ్మా, అసలు సిసలు స్టీలు" అంటుంటారు కదా, ఆ మాట పూర్తిగా నమ్మక్కర్లేదు. నికెల్ తగ్గించి మాంగనీస్ ఎక్కువ వేసిన చవక రకానికి కూడా అయస్కాంతం అంటుకోదు మరి. ఇండక్షన్ స్టవ్ మీదకి గిన్నె కొనేటప్పుడు మాత్రం ఈ పరీక్ష నూటికి నూరు పాళ్ళు పనికొస్తుంది, అడుగున అయస్కాంతం గట్టిగా అంటుకుంటే ఆ గిన్నె వేడెక్కుతుంది, లేకపోతే స్టవ్ బీప్ బీప్ అంటుంది తప్ప పాలు కాగవు.

మీ పుస్తకంలో ఇనుము, నికెల్, కోబాల్ట్ అయస్కాంత పదార్థాలు అని ఉంటుంది, రాగి, ఇత్తడి, అల్యూమినియం, బంగారం, వెండి కావు అని ఉంటుంది. అది కరెక్టే. కానీ చిల్లర డబ్బా తీసి చూడు, ఒక రూపాయి బిళ్ళ టక్కున అంటుకుంటుంది, అది క్రోమియం స్టీలు. 20 రూపాయల బిళ్ళలో నికెల్ ఉంది, అయినా అంటుకోదు! ఎందుకంటే అందులో రాగి ఎక్కువ, రాగితో కలిసిపోయిన నికెల్‌కి ఆ గుణం పోతుంది. దాన్నిబట్టి వస్తువులో ఏమేం ఉన్నాయన్నది ఒక్కటే చాలదు, అవి ఎలా కలిసి ఉన్నాయన్నది కూడా చూడాలి, ఈ సంగతి ఆరో తరగతి పుస్తకంలో ఉండదు, నీ చిల్లర డబ్బాలో ఉంది. బంగారం సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను, గొలుసుకి అయస్కాంతం అంటుకోలేదు కాబట్టి బంగారమే అనుకోకండి, రాగికి కూడా అంటుకోదు. అంటుకుంటే మాత్రం అనుమానించాల్సిందే.

మేడమ్, నా దండాయస్కాంతం కిందపడి రెండు ముక్కలైంది. ఒక ముక్కకి ఉత్తర ధ్రువం, ఇంకోదానికి దక్షిణ ధ్రువం మాత్రమే ఉంటాయి అనుకున్నా. కానీ రెండు ముక్కలకీ రెండేసి ధ్రువాలు ఉన్నాయి. కొత్తవి ఎక్కడ్నుంచి వచ్చాయి?
– ఐదో తరగతి అబ్బాయి, వరంగల్

ఎక్కడ్నుంచీ రాలేదు కన్నా, లోపల ముందునుంచీ ఉన్నవే. ఇనుములో ప్రతి అణువూ ఒక బుల్లి అయస్కాంతమే, వాటిలో కోట్లకొద్దీ అణువులు గుంపులు గుంపులుగా ఒకే దిక్కుకి తిరిగి ఉంటాయి. మామూలు మేకులో ఈ గుంపులు తలా ఒక దిక్కు చూస్తుంటాయి, ఫంక్షన్ హాల్లో భోజనాలయ్యాక కుర్చీలు ఎలా పడితే అలా తిరిగి ఉంటాయే అలాగ, అందుకే ఒకదాని బలం ఇంకోదానితో కొట్టుకుపోయి మేకు ఉట్టి మేకుగానే ఉంటుంది. అయస్కాంతంలో ఆ కుర్చీలన్నీ స్టేజీ వైపే తిరిగి వరసగా ఉంటాయి. ఇప్పుడు హాలు మధ్యలో పరదా కట్టి రెండు చేశావనుకో, అటు సగంలోనూ ఇటు సగంలోనూ కుర్చీలకి ముందూ వెనకా ఉంటాయిగా. నీ ముక్కలు కూడా అంతే, నాలుగు చేసినా నలభై చేసినా ప్రతి ముక్కకీ రెండు ధ్రువాలు ఉంటాయి, ఒక్క ధ్రువమే ఉన్న ముక్క ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు, సైంటిస్టులు ఇంకా వెతుకుతూనే ఉన్నారు.

అయస్కాంతాన్ని సుత్తితో కొట్టినా, పదేపదే కింద పడేసినా, బాగా వేడి చేసినా ఆ వరస చెదిరి బలం తగ్గుతుంది. ఇనుముకైతే 770 డిగ్రీల సెల్సియస్ దాటితే ఆ గుణమే పోతుంది, కొలిమిలో ఎర్రగా కాలి నారింజ రంగుకి తిరుగుతున్న ఇనుముని అయస్కాంతం లాగలేదు. ఇప్పుడు దొరుకుతున్న వెండిలా మెరిసే బుల్లి నియోడిమియం అయస్కాంతాలున్నాయే, వాటిలో మామూలు రకాలు 80 డిగ్రీల దగ్గరే బలం కోల్పోవడం మొదలుపెడతాయి, కాబట్టి వాటిని మరిగే నీళ్ళలో వేసి ఆడకండి.

ఇంకో సంగతి, మీ బళ్ళో దండాయస్కాంతాలు పెట్టెలో ఎలా పెడతారో గమనించు, రెండిటినీ పక్కపక్కన ఒకదాని ఉత్తర ధ్రువం, ఇంకోదాని దక్షిణ ధ్రువం ఒకవైపు వచ్చేలా పెట్టి చివర్లకి మెత్తటి ఇనుప ముక్కలు ఆనిస్తారు, అలా ఉంచితే బలం చాలా కాలం నిలుస్తుంది. ఊరికే డ్రాయర్లో పడేసినవి రెండేళ్ళకే గుండుసూది కూడా లేపలేని స్థితికి వస్తుంటాయి, స్కూలు ల్యాబుల్లో చాలాచోట్ల ఇదే గతి, చూసినప్పుడల్లా బాధేస్తుంది.

నీళ్ళలో అయస్కాంతం పనిచేస్తుందా?
– నాలుగో తరగతి, కర్నూలు

చేస్తుంది నాన్నా. నీళ్ళలోంచి, కాగితంలోంచి, గాజులోంచి, నీ అరచెయ్యి అడ్డం పెట్టినా పనిచేస్తుంది. గాజు గ్లాసు నీళ్ళలో గుండుసూది వేసి, బయట గోడకి అయస్కాంతం ఆనించి పైకి జరుపు, చెయ్యి తడవకుండా సూది పైకొచ్చేస్తుంది. ఇనుప రేకు అడ్డం పెడితే మాత్రం ఆ బలాన్ని చాలావరకు రేకే తీసేసుకుంటుంది.

మా ఆవు నాలుగు రోజులు మేత ముట్టలేదండి. పశువుల డాక్టర్ గారు వచ్చి దాని చేత ఒక అయస్కాంతం మింగించారు. అయస్కాంతం మింగితే ప్రమాదం కదా, ఆవుకి ఏమీ కాదా?
– ఏడో తరగతి అబ్బాయి, సిద్దిపేట దగ్గర ఒక ఊరు

ఎంత మంచి ప్రశ్న అడిగావురా! ఆవు మనలాగ నమిలి చూసి మింగదు, గడ్డితో పాటు వచ్చింది వచ్చినట్టు మింగేసి తర్వాత తీరిగ్గా నెమరేస్తుంది. ఆ గడ్డిలో మేకు, బైండింగ్ వైరు ముక్క, కంచె తీగ తునక ఏదున్నా లోపలికి పోతుంది. బరువుగా ఉంటుంది కాబట్టి అది కడుపులో రెండో గదిలో చేరి అక్కడే ఉండిపోతుంది. ఆ గదికి ముందు పక్కన, పల్చటి పొర అవతలే గుండె ఉంటుంది. గది ముడుచుకున్నప్పుడల్లా తీగ ముక్క గోడలో గుచ్చుకుంటూ గుచ్చుకుంటూ ఒక్కోసారి గుండె దాకా పోతుంది, పశువు మేత మానేస్తుంది, నడ్డి వంచి నిలబడుతుంది, పాలు తగ్గిపోతాయి.

డాక్టర్ గారు వేసింది మన వేలంత పొడుగు, మూలలు లేకుండా నున్నగా గుండ్రంగా ఉండే అయస్కాంతం. అది కూడా బరువుకి ఆ రెండో గదిలోనే చేరి అక్కడే ఉంటుంది, పేడలో బయటికి రాదు. మేకులూ తీగలూ దానికి అంటుకుని ఒక ముద్దలా ఉండిపోతాయి, ఇక గుచ్చుకోవు. ఒక్కటి వేస్తే ఆవు బతికినన్నాళ్ళూ పనిచేస్తుంది. కాకపోతే తీగ అప్పటికే గోడ దాటి పోయుంటే అయస్కాంతం ఏమీ చెయ్యలేదు, ఆపరేషనే దిక్కు, కాబట్టి కొట్టంలో, గడ్డివాము చుట్టూ తీగ ముక్కలు పడేయకుండా చూసుకోండి. నీ దగ్గర స్పీకర్ అయస్కాంతం ఉంటే తాడు కట్టి ఆ చుట్టుపక్కల మట్టిలో ఒకసారి ఈడ్చి చూడు, ఎన్ని మేకులొస్తాయో నువ్వే చూస్తావు. మర ఆడించే మిల్లుల్లో కూడా ఇలాగే ధాన్యం జారే దారిలో అయస్కాంతం పెడతారు, ఇనుప తునకలేమైనా ఉంటే అక్కడే ఆగిపోతాయని.

మా బాబుకి ఐదేళ్ళు. పుట్టినరోజుకి ఎవరో రంగురంగుల చిన్న మాగ్నెట్ బాల్స్ సెట్ గిఫ్ట్ ఇచ్చారు. ఒకటి మింగినా మామూలుగా బయటికి వచ్చేస్తుందిలే అంటున్నారు. ఇవ్వచ్చా?
– ఒక అమ్మ, కూకట్‌పల్లి

వద్దమ్మా. దయచేసి ఇవ్వకండి, ఇంట్లోనే ఉంచకండి. పైన ఆవు సంగతి చదివి ఎవరైనా తేలిగ్గా తీసుకుంటారేమోనని మీ ఉత్తరం దీని పక్కనే పెట్టాను.

అవి నియోడిమియం బాల్స్, 1980ల మొదట్లో జపాన్‌లో మసాటో సగావా అనే ఆయన, అదే సమయంలో అమెరికాలో జనరల్ మోటార్స్ వాళ్ళు కనిపెట్టిన రకం, పాత నల్ల అయస్కాంతాల కంటే ఎన్నో రెట్లు బలం. పిల్లాడు ఒకటి మింగి కాసేపాగి ఇంకోటి మింగితే అవి పేగులో వేర్వేరు మడతల్లో ఉండగా ఒకదాన్నొకటి లాక్కుంటాయి, మధ్యలో పేగు గోడలు నలిగిపోతాయి. అక్కడికి రక్తం ఆగిపోయి, గంటల్లోనే చిల్లు పడొచ్చు. బయటికి చూస్తే మామూలు కడుపునొప్పి, వాంతులు, అంతే. అందుకే ఒక్కటి మింగాడన్న అనుమానం వచ్చినా నొప్పి కోసం ఎదురుచూడకుండా, అరటిపండు తినిపించి చూద్దాం అనుకోకుండా, వెంటనే ఎక్స్‌రే సదుపాయం ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్ళి "అయస్కాంతం మింగాడేమో" అని ఆ మాటే చెప్పండి. ఆస్ట్రేలియాలో ఇలాంటి బాల్స్ అమ్మకాన్ని 2012లోనే శాశ్వతంగా నిషేధించారు. పిల్లలకి అయస్కాంతం ఇవ్వాలంటే అరచేతిలో పట్టే పెద్దది, పాత స్పీకర్లో ఉండే నల్లటి రింగు లాంటిది ఇవ్వండి, అది నోట్లో పట్టదు.

అలాగే ఇంట్లో తాతయ్యకో అమ్మమ్మకో పేస్‌మేకర్ ఉంటే బలమైన అయస్కాంతాన్ని వాళ్ళ ఛాతీ దగ్గరికి తీసుకెళ్ళకూడదని పిల్లలకి గట్టిగా చెప్పండి.

ఉత్తరం వైపు తల పెట్టి పడుకుంటే భూమి అయస్కాంతం మన రక్తంలో ఇనుముని లాగేస్తుందని మా తాతయ్య అంటారు. యూట్యూబ్‌లో కూడా అలాగే చెప్పారు. నిజమేనా టీచర్?
– ఎనిమిదో తరగతి అమ్మాయి, రాజమండ్రి

తాతయ్య పద్ధతిని నేను కాదనను, ఆయన ఇంట్లో ఉన్నప్పుడు మంచం ఆయన చెప్పినట్టే వేసుకో, పోయేదేం లేదు. కానీ దానికి చెప్పే ఆ కారణం మాత్రం నిజం కాదు, అది నువ్వే ఇంట్లో తేల్చుకోవచ్చు.

కుట్టుసూది ఒకటి తీసుకో. అయస్కాంతం ఒక చివరతో సూదిని బెజ్జం నుంచి మొన దాకా రుద్దు, మళ్ళీ ఎత్తి మొదటి నుంచి రుద్దు, వెనక్కీ ముందుకీ కాదు, ఎప్పుడూ ఒకే వైపు, ఒక నలభై యాభై సార్లు. ప్లాస్టిక్ టబ్బులో నీళ్ళు పోసి చిన్న థర్మోకోల్ ముక్క మీద ఆ సూదిని పెట్టి వదులు, ఫ్యాన్ ఆపేసెయ్. మెల్లగా తిరిగి తిరిగి ఉత్తర దక్షిణాలుగా ఆగుతుంది. ఎన్నిసార్లు తిప్పి వదిలినా అంతే. ఇప్పుడు బాగా గమనించు, సూది తిరుగుతుంది, కానీ ఉత్తరం వైపు ఈదుకుంటూ పోయి టబ్బు గోడకి అంటుకోదు! అసలు సిసలు ఇనుప సూదినే, అదీ అయస్కాంతంగా మార్చిన సూదినే భూమి తిప్పగలదు తప్ప లాగలేదు. ఎందుకంటే సూదికి ఆ చివరా ఈ చివరా భూమి బలం ఒకేలా ఉంటుంది, ఒక చివర ఎంత ఉత్తరానికి లాగుతుందో ఇంకో చివర అంతే దక్షిణానికి లాగుతుంది, లెక్క సరికి సరి.

ఇక రక్తం సంగతి. ఒంట్లో మొత్తం ఇనుము మూడు నాలుగు గ్రాములు, అదీ హిమోగ్లోబిన్‌లో విడివిడి అణువులుగా బంధించి ఉంటుంది, మేకులో ఉన్నట్టు గుంపులుగా ఉండదు, కాబట్టి దానికి అయస్కాంతం అంటుకోదు. వేలికి సూది గుచ్చుకుని రక్తం చుక్క వచ్చినప్పుడు అయస్కాంతం పెట్టి చూసినా ఏమీ జరగదు. హైదరాబాద్ దగ్గర భూమి అయస్కాంత క్షేత్రం సుమారు 43 మైక్రోటెస్లాలు (టెస్లా అంటే అయస్కాంత క్షేత్రం బలాన్ని కొలిచే ప్రమాణం, అందులో పది లక్షల వంతు మైక్రోటెస్లా). ఆసుపత్రిలో పెద్ద అయస్కాంతంతో ఒంటి లోపలి బొమ్మలు తీసే ఎంఆర్‌ఐ మెషీన్ మామూలుగా 1.5 టెస్లాలు, అంటే 30,000 రెట్లకు పైనే. అందులో అరగంట పడుకుని లేచొచ్చిన వాళ్ళ రక్తం ఎటూ పోలేదు కదా. ఎంఆర్‌ఐ దగ్గర నిజంగా భయపడాల్సింది జేబులో ఉన్న తాళాల గుత్తికి, ఆక్సిజన్ సిలిండర్‌కి, అవి బాణంలా ఎగిరి మెషీన్‌కి అంటుకుంటాయి, అందుకే లోపలికి పంపే ముందు నిలువెల్లా చెక్ చేస్తారు.

కీళ్ళనొప్పులు పోతాయని, బీపీ తగ్గుతుందని అమ్మే మాగ్నెట్ కడియాలు, పరుపులు కూడా ఇదే లెక్కలోవి. వాటితో జబ్బు తగ్గుతుందనడానికి సరైన రుజువు లేదు. ఆ డబ్బుతో తాతయ్యకి మందులు కొనండి.

ఫోన్‌లో దిక్సూచి ఒక్కోసారి తప్పు చూపిస్తుంది, ఎందుకు? అసలు దిక్సూచి ఎప్పుడూ సరిగ్గా ఉత్తరమే చూపిస్తుందా?
– తొమ్మిదో తరగతి అబ్బాయి, చౌటుప్పల్

చౌటుప్పల్ నుంచే ఈ ప్రశ్న రావడం భలే సంతోషంగా ఉంది, ఎందుకో చివర్లో చెప్తా. ఫోన్లో సూది ఉండదు, అయస్కాంత క్షేత్రాన్ని కొలిచే చిన్న సెన్సార్ ఉంటుంది. బస్సు బాడీ, ఇనుప బల్ల, ఫోన్ కవరుకి పెట్టిన మాగ్నెట్, పక్కనున్న స్పీకరు, ఏది దగ్గరున్నా భూమి బలం మీద దాని బలం కలిసి లెక్క తప్పుతుంది. కవరు తీసి, ఆరుబయట నిలబడి ఫోన్‌ని గాల్లో ఎనిమిది అంకె వేసినట్టు తిప్పితే చాలావరకు సర్దుకుంటుంది.

సరిగ్గా ఉత్తరమా అంటే, కాదు. భూగోళం తిరిగే ఉత్తర ధ్రువం వేరు, దిక్సూచి చూసే చోటు వేరు. 1831లో జేమ్స్ క్లార్క్ రాస్ అనే ఇంగ్లీషు నావికుడు ఆ చోటుని కెనడా ఉత్తరపు మంచులో పట్టుకున్నాడు, అప్పట్నుంచి అది జరుగుతూ జరుగుతూ ఇప్పుడు సైబీరియా వైపు పోతోంది. మన అదృష్టం, తెలుగు రాష్ట్రాల్లో ఈ తేడా చాలా తక్కువ, ఒక డిగ్రీ అటూఇటూ. ఇంకో తమాషా, విజాతి ధ్రువాలే, అంటే ఒకటి ఉత్తరం ఒకటి దక్షిణం అయితేనే కదా ఆకర్షించుకునేది, మరి మన సూది ఉత్తర ధ్రువాన్ని లాగుతోందంటే అక్కడున్నది అయస్కాంతం లెక్కలో దక్షిణ ధ్రువం అన్నమాట, పరీక్షలో ఇది అడుగుతారు, గుర్తుపెట్టుకో.

ఈ భూమి బలాన్ని రోజూ కొలిచే చోట్లని మాగ్నెటిక్ అబ్జర్వేటరీలంటారు. ముంబై కొలాబాలో 1841 నుంచి ఉండేది, ఊళ్ళోకి కరెంటు ట్రాములు రాబోతున్నాయనగానే 1904లో దాన్ని సముద్రం అవతల అలీబాగ్‌కి మార్చేశారు, కరెంటు పారే ప్రతి తీగ చుట్టూ అయస్కాంత క్షేత్రం పుడుతుంది కాబట్టి. ఆ సంగతి 1820లో డెన్మార్క్‌లో అయిర్‌స్టెడ్ అనే శాస్త్రవేత్త బయటపెట్టాడు, తీగలో కరెంటు పంపగానే పక్కనున్న దిక్సూచి సూది కదిలింది. మన హైదరాబాద్‌లో భూమిని పరిశోధించే సంస్థ ఎన్‌జీఆర్‌ఐలో కూడా ఇలాంటి అబ్జర్వేటరీ ఉంది, వాళ్ళదే ఇంకోటి సిటీ గోలకి దూరంగా ఎక్కడ పెట్టారనుకున్నావ్, మీ చౌటుప్పల్‌లోనే! మీ సైన్స్ సారుని అడిగి పర్మిషన్ తీసుకుని ఒకసారి చూసి రండి.

కరెంటుతో అయస్కాంతం ఇంట్లో చెయ్యడం ఎలా?
– ఏడో తరగతి, ఒంగోలు

పొడుగు మేకు, మోటార్ వైండింగ్ షాపులో దొరికే ఎనామిల్ రాగి వైరు రెండు మూడు మీటర్లు, టార్చి బ్యాటరీ ఒకటి. వైరుని మేకు చుట్టూ దగ్గర దగ్గరగా ఒకే వైపు చుట్టు, రెండు చివర్లా బ్లేడుతో పైపూత గీకెయ్, గీకకపోతే కరెంటు పారదు, చాలామందికి ఇక్కడే పని చెయ్యదు. బ్యాటరీకి ఆనించగానే మేకు గుండుసూదుల్ని లాగుతుంది, తీసెయ్యగానే వదిలేస్తుంది. పాత ఇనుము యార్డుల్లో క్రేన్లు చేసే పని ఇదే. వైరు తొందరగా వేడెక్కుతుంది, నాలుగైదు సెకన్లకి మించి ఉంచకు. ఇంట్లో ప్లగ్గుకి మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకూడదు, ప్రాణం పోతుంది.

ఫ్యాన్, మిక్సీ, నీళ్ళ మోటారు అన్నీ ఈ సూత్రం మీదే తిరుగుతున్నాయి. ఇప్పుడొచ్చే కరెంటు తక్కువ కాల్చే బీఎల్‌డీసీ ఫ్యాన్లలో, బైకు ఇంజన్ పక్కన మెకానిక్కులు మాగ్నెట్ అని పిలిచే చక్రంలో, ఫ్రిజ్ తలుపు రబ్బరులో మామూలు శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి.

ఇనుప రజను కొనాలంటే మా ఊళ్ళో దొరకడం లేదు. ఏం చెయ్యాలి?
– ఆరో తరగతి అమ్మాయి, భీమిలి

సముద్రం పక్కనే ఉండి కొనడం ఎందుకమ్మా! బీచ్‌లో అలలు వెనక్కి పోయాక ఇసుక మీద నల్లటి చారలు కనిపిస్తాయి చూడు, అందులో మాగ్నటైట్ ఉంది, ఇల్మనైట్ ఉంది, ఎర్రగా ఉండేవి గార్నెట్లు. అయస్కాంతానికి టక్కున అంటుకునేది మాగ్నటైట్, మన పెద్దవాళ్ళు సూదంటురాయి అన్నది ఈ ఖనిజాన్నే. సముద్రం లేని ఊళ్ళో పిల్లలైతే ఇల్లు కట్టే చోట పోసిన ఇసుకలో చూడండి, కొంచెమైనా దొరుకుతుంది. అయస్కాంతాన్ని ముందు పల్చటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి మూతి బిగించండి, ఇది మర్చిపోతే రజనంతా అయస్కాంతానికే పట్టేసి గంటసేపు గీకినా రాదు. ఎండిన ఇసుకలో తిప్పి, పళ్ళెం మీదకి తెచ్చి, కవర్లోంచి అయస్కాంతం బయటికి లాగండి, నల్ల రజను పళ్ళెంలో రాలుతుంది. తడి ఇసుక అయితే మామూలు ఇసుక కూడా అంటుకొస్తుంది, ఎండలో ఆరబెట్టి ఇంకోసారి తియ్యండి. ఒక అగ్గిపెట్టె నిండా చాలు, తెల్ల కాగితం మీద చల్లి కింద అయస్కాంతం పెట్టి కాగితాన్ని వేలితో తట్టితే బలరేఖలు, అంటే అయస్కాంతం బలం ఎటు నుంచి ఎటు పోతుందో చూపించే గీతలు వస్తాయి. ఫోటో తీసి పంపించు, వచ్చే నెల ఇదే పేజీలో వేద్దాం.